మునిరత్నమన్న వంతు కొండ

యేలగిరికి వెళ్ళి వచ్చాక మా వీధిలో చాలామంది అడిగారు. బాగుందా, ఎన్ని రోజులు పట్టింది, పిల్లలతో పోవచ్చా అని. బాగుంది, మూడు రోజులు, పోవచ్చు. అడిగినవాళ్ళకు అంతవరకే చెప్పాను. మిగిలినది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ కొండను ఎంచినవాణ్ణి నేను. ఎంచవలసినవాణ్ణి నేను కాదు.

మదనపల్లె

మేం నలుగురం. మునిరత్నమన్న ముప్పై ఏళ్ళు టమోటా లారీలు నడిపినవాడు, మాలో పెద్దవాడు. రెడ్డెప్ప మండీలో కమీషన్ వ్యాపారి. ఖాజా జీపుల మెకానిక్. నేను బస్టాండు పక్కన జెరాక్సు కొట్టు పెట్టుకున్నవాణ్ణి. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తరువాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలోనే, కొట్టు మూసుకునే మధ్యాహ్నాల్లో. జిల్లా పాత చరిత్ర మొదలు నక్షత్రాల దాకా ఆ ఒక్క బల్ల మీదే చదివాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం. ఇంత జరిగాక కూడా ఇష్టమే.

ఏటా చలికాలంలో, మండీకి సరుకు పలచబడే రోజుల్లో, మునిరత్నమన్న సొంత జీపులో మేం ఒక కొండకు వెళ్తాం. ఎనిమిదేళ్ళుగా ఇదే. దీనికి మూడు నియమాలు ఉన్నాయి. కొండను వంతు ప్రకారం ఒకరే ఎంచాలి. ఎంచినవాడే ఘాట్ రోడ్డు మీద బండి నడపాలి. బయలుదేరే ముందే కొండ పేరూ ఎంచినవాడి పేరూ జీపు వెనుక తలుపు లోపలి వైపు పెయింటుతో రాసెయ్యాలి. దారిలో ఎవరూ మనసు మార్చుకోకుండా ఈ మూడోది రెడ్డెప్ప పెట్టాడు. తలుపు తెరిస్తే వరుసగా కనిపిస్తాయి: నందికొండ – రెడ్డెప్ప, యేర్కాడు – ఖాజా, ఊటీ – రమణ. రమణ అంటే నేనే. మునిరత్నమన్న పేరు మాత్రం ఎక్కడా లేదు. రెండుసార్లు ఆయన వంతు వచ్చింది. "నాకేమప్పా, రోజూ తిరిగేదే గదా" అని ఒకసారి ఖాజాకూ ఒకసారి నాకూ ఇచ్చేశాడు. నా ఊటీ ఆయన ఇచ్చిందే.

ఈసారి ఆయనే అడిగాడు. ఆయన కూతురు గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది. నాయనకు షుగరు ముదిరింది, ఇక స్టీరింగు పట్టకూడదు, జీపు అమ్మేద్దాం అని ఆ అమ్మాయి తేల్చేసింది. ఈ ఒక్క ప్రయాణానికి మాత్రం ఒప్పుకుంది.

ఓ మధ్యాహ్నం నా కొట్టులో, జెరాక్సు మిషను మీద టీ గ్లాసులు పెట్టుకుని కూర్చున్నాం.

"ఈతూరి నా వంతు నాకే కావాలప్పా" అన్నాడు మునిరత్నమన్న.

"నీదేలే అన్నా. యాడికి పోదామో చెప్పు" అన్నాడు రెడ్డెప్ప.

"హార్స్లీ హిల్స్."

ముగ్గురం ఒక్కసారే నవ్వాం. మదనపల్లె నుంచి గంట ప్రయాణం అది.

"దానికి జీపెందుకన్నా, మేడెక్కితే కనపడతాది" అన్నాడు రెడ్డెప్ప.

"పొద్దున టిఫిన్ చేసి పోతే మధ్యాన్నం సంగటికి ఇంట్లో ఉంటాం" అన్నాడు ఖాజా.

మునిరత్నమన్న కూడా మాతో నవ్వి, గ్లాసు కింద పెట్టాడు. "ముప్పై ఏండ్లు సైడు అద్దంలో సూసినానప్పా దాన్ని. పుంగనూరు రోడ్డెక్కితే సాలు, ఎనకాల అదే. టమోటా కొండెక్కదు గదా, అందుకని నేనూ ఎక్కలా. ఒక్క దపా ముందరి అద్దంలో సూడాలని ఉండాది."

ఆ మాట దగ్గర మేం ఆగి ఉండవలసింది. కానీ నా బల్ల సొరుగులో గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఒక పాత వారపత్రిక ఉంది. అందులో యేలగిరి గురించి రెండు పేజీలు వేశారు. కుప్పం దాటి తమిళనాడులోకి పోతే వచ్చే కొండ. పద్నాలుగు మలుపులు, ఒక్కొక్కటీ తల వెంట్రుకల పిన్ను లాగా వంగినది. నేను పత్రిక విప్పి ఆ బొమ్మ చూపించాను. మన హార్స్లీ హిల్స్‌కు ఏనుగు మల్లమ్మ కొండ అనే పాత పేరు ఎలా వచ్చిందో, ఒక దొర వేసవి బంగళా కట్టుకున్నాక ఆ పేరు ఎలా వెనక్కి పోయిందో కూడా చెప్పాను. అదంతా వాళ్ళకు తెలిసిందే. అయినా చెప్పాను. చివరకు, "నీ ఆఖరి ఘాట్ నలుగురూ చెప్పుకునేట్టు ఉండాలన్నా. ఇంటి ఎనక కొండ ఎక్కినాడంటే ఏం బాగుంటుంది?" అన్నాను. ఆయనకు గౌరవం చేస్తున్నాననే నిజంగా అనుకున్నాను.

ఆయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "ఎంత దూరమప్పా?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. వేళ్ళతో మోకాలి మీద ఏదో లెక్క వేసుకుని, "సరేలే, నువ్వు సదివినోడివి" అన్నాడు.

సాయంత్రం వెలుతురు ఉండగానే తెల్ల ఎనామిల్ పెయింటు తెచ్చి నేనే రాశాను: యేలగిరి – మునిరత్నం. నా దస్తూరీ బాగుంటుంది. ఖాజా దూరంగా నిలబడి చూసి, "అచ్చు ప్రింటు మాదిరి ఉండాది భాయ్" అన్నాడు.

పుంగనూరు

తెల్లవారాక బయలుదేరాం. లారీ డ్రైవర్లు చాలామంది చెప్పులు విప్పి సీటు కింద పెట్టి నడుపుతారు. పెడలు కాలికి తెలియాలంటారు. మునిరత్నమన్నదీ అదే అలవాటు. ఊరు దాటగానే ఆయన సైడు అద్దం ఒకసారి సర్దుకోవడం చూశాను. మంచులో కొండ సగమే కనిపిస్తోంది.

పుంగనూరులో టిఫిన్‌కు ఆగాం. నాలుగు ఇడ్లీ ముప్పై రూపాయలు. చట్నీ మా ఊరిలాగే వేరుశెనగదే అయినా మిరపకాయ ఎక్కువ. మేం తింటూ ఉండగా హోటలు ముందు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో ఒక పొట్టి ఆవు, మనిషి నడుం ఎత్తు కూడా లేదు, పెళ్ళికి పోతున్నట్టు తల ఎత్తుకుని నిలబడి ఉంది. పక్కన తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన.

"ఎంత చెప్తాండావప్పా?" అని చేతులు తుడుచుకుంటూ వెళ్ళాడు రెడ్డెప్ప. ఏది కనిపించినా ధర అడగడం ఆయనకు వృత్తి.

"అమ్మేదానికి గాదప్పా. రెండు దినాలుగా మేత ముట్టలా. ఆస్పత్రికి తీసకపోతాండా."

పుంగనూరు జాతి గురించి నేను చదివినదంతా నాకు అక్కడే గుర్తొచ్చింది. ఈ ఆవు తక్కువ మేతతో బతుకుతుందని, పాలలో వెన్న ఎక్కువని, ఒక కాలంలో జాతే అంతరించిపోతుందని భయపడ్డారని వరుసగా చెప్పుకుపోయాను. ముసలాయన ఓపికగా అంతా విన్నాడు.

"ఇంత తెలిసినోడివి, ఇది యాల తినలేదో చెప్పప్పా" అన్నాడు.

ఖాజా నవ్వు ఆపుకోలేక ఇడ్లీ పొలమారి దగ్గాడు. మునిరత్నమన్న మెల్లగా ఆటో చుట్టూ తిరిగి, వంగి చూశాడు. "ఎనక కాలు ఎత్తి పెడతాండాది, సూడు పెద్దాయనా. గిట్టలో ఏదో దిగిండాది. నొప్పికి మేత యాడ పోతాది?" అన్నాడు. ముసలాయన కాలు పట్టుకుని ఎత్తించి చూస్తే, గిట్టల నడుమ వేలెడు తుమ్మముల్లు.

"సదువుకోని వాళ్ళకే కాలు కనపడతాది రమణా" అని రెడ్డెప్ప దారంతా నన్ను ఎగతాళి చేశాడు. హోటలు నుంచి బయలుదేరేటప్పుడు గేరు గరగరమని కొరికింది. మునిరత్నమన్న చేతిలో గేరు అలా మొరగడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. దిగినప్పుడు ఆయన ఎడమ కాలిని రెండుమూడు సార్లు నేలకేసి తట్టడం కూడా చూశాను. తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. చూసింది చూసినట్టు గుర్తుంది. అప్పుడు దాని గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

రామకుప్పం

పలమనేరు, వి.కోట దాటి రామకుప్పం వైపు తిరిగాం. రెడ్డెప్ప మండీకి బీన్సూ టమోటా పంపే ఒక రైతు అక్కడి పల్లెలో ఉంటాడు. మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లో అని ముందే మాట. అది అనపకాయల కాలం. ఆ వైపు ఇళ్ళల్లో గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ పితికి పొట్టు తీసి, పితికిపప్పు వండుతారు. మా ఇళ్ళల్లోనూ వండుతాం కానీ ఇప్పుడు బజారులో పితికిన గింజలు కొనుక్కొస్తున్నాం. అక్కడ ఇంకా అరుగు మీద ఆడవాళ్ళు కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ పితుకుతున్నారు.

రైతు పొలానికి పోయాడు. ఆయన భార్య పాపమ్మ మాకు ఎదురొచ్చింది. ఇంటి పక్కనే రాగి చేను ఉంది. ఒక మూల అంతా రోలర్ తిప్పినట్టు చదునైపోయింది.

"ఏనుగులా అమ్మా?" అని అడిగాను.

"మొన్న వచ్చినాయప్పా, మూడు. పిల్లది గూడా ఉండాది. పళ్ళాలు కొడితిమి, పటాసులు పేలిస్తిమి. పోలా. ఇంగ మాయత్త దండం పెట్టి, సామీ, సగం తిని సగం మాకిడిసిపెట్టు అనింది."

"విడిచిపెట్టాయా?"

"సగం కన్నా రోంత తక్కవే తినిండాయి. మాట వినని మడుసుల కన్నా నయం" అని నవ్వింది.

లోపలికి వెళ్ళే ముందు ఆమె గడప దగ్గర నీళ్ళ చెంబులు పెట్టింది. ఎవరొచ్చినా కాళ్ళు కడుక్కునే లోపలికి రావాలి. మా పట్నంలో ఈ అలవాటు పోయింది, చెప్పులు విప్పితే చాలు. మేం ముగ్గురం కడుక్కున్నాం. మునిరత్నమన్న కాస్త వెనకాడి, చివరకు చెంబు తీసుకుని నీళ్ళు పోసుకున్నాడు. బండ మీద నీళ్ళు ఎర్రగా పారాయి.

"అన్నా, కాలు!" అంది పాపమ్మ. "కాలు సూడన్నా, బొబ్బ పగిలి రగతం కారతాండాది!"

"యాడ?" అన్నాడు మునిరత్నమన్న. వంగి చూసుకున్నాడు, కుడి కాలిని.

ఆ 'యాడ' ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఎడమ అరికాలు మీద రూపాయి బిళ్ళంత బొబ్బ పగిలి, తోలు లేచిపోయి ఉంది. ఖాజా వెంటనే జీపు దగ్గరకు పరుగెత్తి, క్లచ్ పక్కన చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అక్కడ రబ్బరు మ్యాటు చిరిగిపోయి ఉంది. కింద గేరుపెట్టె వేడికి ఇనుము పెనంలా కాలుతోంది. మూడు గంటలకు పైగా ఆయన ఆ ఇనుము మీద ఒట్టి కాలు పెట్టుకుని నడిపాడు.

"పోయిన నెలే మార్చాలనుకుంటి అన్నా" అని ఖాజా రెండు మూడుసార్లు అన్నాడు.

"నీ తప్పేముండాది బిడ్డా. నాకి తెలిసుంటే తీసిపెట్టుకోనా కాలు?" అన్నాడు మునిరత్నమన్న, ఖాజానే ఓదారుస్తూ. పాపమ్మ తెల్ల గుడ్డ చింపి కట్టింది. ఆ రోజు ఆమె పెట్టిన సంగటి, పితికిపప్పు, వేరుశెనగల ఊరిబిండి అంత బాగా ఎక్కడా తినలేదని రెడ్డెప్ప ఇప్పటికీ అంటాడు. నాకు రుచి గుర్తు లేదు.

కుప్పం

రామకుప్పం నుంచి కుప్పం దాకా ఖాజా నడిపాడు. అక్కడ ఒక చిన్న ఆసుపత్రిలో కట్టు కట్టించాం. కుప్పంలో ఒక వాక్యం తెలుగులో మొదలై తమిళంలో ముగుస్తుంది, మధ్యలో కన్నడం కూడా తొంగిచూస్తుంది. కట్టు కట్టిన నడివయసు కాంపౌండరు మాత్రం అచ్చ తెలుగులోనే మందలించాడు.

"సక్కెర ఉండేవాళ్ళు పొద్దున లేస్తానే మొగం కడుక్కున్నట్టు కాళ్ళు సూసుకోవాలప్పా. ఈ కాలితో బండి తోలుతాండావా? ఇంగ ఆ మాటే ఎత్తొద్దు."

"ఎత్తన్లే సార్" అన్నాడు మునిరత్నమన్న, బడిపిల్లవాడిలా.

లాడ్జి గదిలో ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టాం. కిటికీలోంచి గ్రానైటు రాళ్ళ లారీ ఒకటి మలుపు తిరగలేక ముందుకూ వెనక్కూ ఆడుతూ ఉంటే, దాన్నే చూస్తున్నాడాయన. "స్టీరింగు కట్ ఎక్కువ తీసినాడు" అని తనలో తను అనుకున్నాడు.

నేనే అడిగాను. "ఎన్నాళ్ళుగా అన్నా, కాలు ఇట్లా?"

"ఏడాదిగా. పొద్దున బాగానే ఉంటాది. గంట సేపు క్లచ్ తెలుస్తాది. గంట దాటితే కాలు ఉండాదో లేదో తెలీదు. లెక్క పెట్టుకోని తొక్కతా."

"ముందే చెప్పుండొచ్చు గదన్నా!"

"చెప్తే స్టీరింగు ఇస్తారా మీరు?" అని నవ్వాడు.

తరువాత రెడ్డెప్ప, నా వైపు చూడకుండా, "అందుకేనా అన్నా, హార్స్లీ హిల్స్ అన్యావు?" అని అడిగాడు.

"గంటే గదప్పా" అన్నాడు ఆయన. "పైకి ఎక్కేదాకా కాలు తెలుస్తాదని."

నా కొట్టులో మోకాలి మీద వేళ్ళతో ఆయన వేసిన లెక్క అదే. ఆయన కొండను తన కాలితో కొలుచుకున్నాడు. నేను వారపత్రికలోని బొమ్మతో కొలిచాను.

వెనక్కి పోదామన్నాడు ఖాజా. రెడ్డెప్ప కూడా సరేనన్నాడు. మునిరత్నమన్న ఒప్పుకోలేదు. "పేరు రాసినారు గదా. ఈడిదాకా వచ్చి తిరుక్కోని పోతే ఆ తలుపు అబద్ధమైపోతాది. పోదాం. నా వంతు రమణప్పకి ఇస్తాండా. రమణా, నువ్వు తోలు."

నేను వద్దనాలి. అన్నాను కూడా, ఒక్కసారి, మర్యాదకు. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను: ఆ పద్నాలుగు మలుపులూ నా చేతికి వచ్చాయని లోపల ఎక్కడో సంతోషం కలిగింది. ఆ సంతోషం ఉండబట్టే నా 'వద్దు'లో బలం లేకపోయింది.

పద్నాలుగు మలుపులు

మర్నాడు పొద్దున సరిహద్దు దాటాం. ఇక్కడి నుంచి టీ కొట్టుల్లో గాజు గ్లాసుల బదులు ఇత్తడి లోటాలు. కాఫీని గజం ఎత్తు నుంచి సాగదీసి పోస్తారు. పదిహేను రూపాయలు. రెడ్డెప్ప రెండు తాగాడు.

కొండ ఎక్కడం మొదలుపెట్టగానే ప్రతి మలుపు దగ్గరా అంకె వేసిన పలక ఉంది. మునిరత్నమన్న నా పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు, కట్టు కట్టిన కాలు చాపుకుని. మొదటి మలుపు నేను బాగానే తిప్పాను. రెండోది కూడా. మూడో మలుపు దగ్గర పక్కకు చూశాను. నేను క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఆయన కట్టు కాలు కూడా కింది ఇనుము మీద నొక్కుతోంది. తనకు తెలియకుండానే నొక్కుతున్నాడు. అక్కడ పెడలు ఏమీ లేదు. ఆ కాలికి ఉంటే మాత్రం ఏం తెలుస్తుంది?

"హారన్ కొట్టు... సెకండెయ్యి... లోయ తట్టు సూడొద్దు, రోడ్డు సూడు" అని చెబుతూనే ఉన్నాడు.

తొమ్మిదో మలుపులో పై నుంచి బస్సు వచ్చింది. నేను తడబడి బండిని సరిగ్గా మలుపు నడుమ ఆపేశాను. ఇంజను ఆగిపోయింది. జీపు అరడుగు వెనక్కి జారింది. వెనుక సీట్లో ఖాజా అల్లాను తలుచుకున్నాడు. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తమిళంలో ఏదో అన్నాడు. అర్థం కాకపోయినా అర్థమైంది.

"ఏం గాదు" అన్నాడు మునిరత్నమన్న, గొంతు పెంచకుండా. "హ్యాండ్ బ్రేకు లాగు. బండి స్టార్ట్ చెయ్యి. ఇప్పుడు క్లచ్ మెల్లగా వదులు... ఇంగా... ఇంజను గొంతు మారతాది, విను... ఆ! ఇప్పుడు బ్రేకు ఇడువు."

జీపు ముందుకు కదిలింది. బస్సు డ్రైవరు మా పక్క నుంచి పోతూ, నాకు కాదు, మునిరత్నమన్నకు చెయ్యెత్తి సలాం చేశాడు. స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా బండి ఎవరు నడుపుతున్నారో డ్రైవర్లకు తెలిసిపోతుంది కాబోలు. ఆయన కూడా చెయ్యెత్తాడు. ఆ మూడు రోజుల్లో ఆయన మొహం వెలిగింది అక్కడొక్కచోటే.

కొండ పైన

పైన బాగుంది. వెళ్ళనివాళ్ళకు చెబుతున్నాను, అక్కడ ఒక చిన్న చెరువు, దానిలో పడవలు ఉన్నాయి. జామకాయలు మన ఊళ్ళో కన్నా చవక, కారం ఉప్పు చల్లి ఇస్తారు. తేనె అమ్మే ఒకామె మునిరత్నమన్న కట్టు చూసి, పుండుకు రాయమని ఆకు దొన్నెలో కాస్త తేనె పోసి ఇచ్చి డబ్బు తీసుకోలేదు. షుగరు ఉన్నవాడికి తేనె ఏమిటని రెడ్డెప్ప జోకు వేస్తే, భాష తెలియకపోయినా ఆమె నవ్వింది.

చెరువు దగ్గర ఒక పలక మీద కొండ ఎత్తు మీటర్లలో రాసి ఉంది. నేను అలవాటు కొద్దీ మనసులో అడుగుల్లోకి మార్చుకున్నాను. మూడు వేల ఆరువందల చిల్లర.

మన హార్స్లీ హిల్స్ నాలుగు వేల అడుగులు దాటుతుంది. ఆ సంగతి నేను చదివిందే. గ్రంథాలయంలో నేను కూర్చునే బల్లకు ఎదురుగా ఉన్న అలమారాలోనే, జిల్లా చరిత్రలో ఉంది. మలుపులు లెక్కపెట్టిన నేను ఎత్తు పోల్చి చూడలేదు. 'ఇంటి ఎనక కొండ' అని నేను నవ్విన కొండే పెద్దది.

మునిరత్నమన్న కుంటుతూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పలక మీది అంకెను చూశాడు.

"మన కొండ కన్నా ఎంత ఎత్తుంటాదప్పా ఇది?"

నిజం చెప్పవలసిన సమయం అదే. చెబితే ఆయన నవ్వి ఊరుకునేవాడేమో. "చాలా ఎక్కువన్నా" అన్నాను.

"అట్లనా?" అన్నాడు. తల ఆడించి, చుట్టూ ఉన్న చెట్లనూ నీళ్ళనూ మరోసారి చూశాడు, ఇంకొంచెం గౌరవంగా. "అయితే మంచి కొండే సూపించినావు."

మళ్ళీ మదనపల్లె

తిరుగు దారిలో పుంగనూరు దాటాక కొండ ఎదురుగా వచ్చింది. ఇటు నుంచి వచ్చేటప్పుడు అది ముందరి అద్దంలోనే ఉంటుంది కదా, ముప్పై ఏళ్ళూ ఆయన దాన్ని అలా చూసే ఉండాలి కదా అని నాకు తోచింది. అదే అడిగాను.

"వచ్చేటప్పుడు నిద్రలో ఉంటామప్పా" అన్నాడు. "ఖాళీ బండి క్లీనరుకిచ్చి పండుకుంటాం."

ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. రెండు వేళ్ళు తీసేయాల్సి వస్తుందేమో అన్నారు, ఒకటితో సరిపోయింది. ఆయన కూతురు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కాఫీ ఇచ్చింది, కుర్చీ వేసింది. అనుంటే బాగుండేది. జీపును రామసముద్రం వైపు కూరగాయలు పండించే ఒకాయనకు అమ్మేశారు.

ఆయన కాస్త నడవగలిగాక, నేను కారు మాట్లాడి ఇంటికి వెళ్ళాను. "హార్స్లీ హిల్స్ పోదాం పదన్నా. గంటే. నేను తోలతా, నువ్వు ముందర కూర్చో" అన్నాను. అప్పుడే ఎత్తు సంగతి కూడా చెప్పేశాను. పలక దగ్గర అబద్ధం చెప్పానని, మన కొండే పెద్దదని.

ఆయనకు కోపం రాలేదు. అరుగు మీద కూర్చుని, కట్టు విప్పిన కాలిని చేత్తో నిమురుకున్నాడు.

"కూర్చోని పోయేదానికైతే బస్సులుండాయి గదప్పా, ఎప్పుడన్నా పోవచ్చు" అన్నాడు. "నేను అడిగింది తోలేదానికి. నా వంతు అయిపాయ. పేరు గూడా రాసినావు." ఆ తరువాత నన్ను నొప్పించానేమో అనుకుని కాబోలు, "ఆ తొమ్మిదో మలుపు బాగా ఎత్తినావులే" అన్నాడు.

పోయిన వారం మండీలో ఆ జీపు కనిపించింది. టమోటా క్రేట్లు దించుతున్నారు. వెనుక తలుపు తెరిచి ఉంది. పేర్లన్నీ అలాగే ఉన్నాయి, చివరి వరుసతో సహా. నేను కొట్టుకు పోయి, కొంచెం టర్పెంటైనూ ఒక గుడ్డా సంచిలో వేసుకుని వచ్చాను. కొత్త యజమాని చిన్న వయసువాడే, మర్యాదస్తుడు. ఆ కింది వరుస తుడిచేస్తానప్పా, తప్పుగా రాశాను అని అడిగాను.

"యాల సార్?" అన్నాడు ఆశ్చర్యంగా. "బాగుండాది గదా. మా నాయనకి సదివి సూపిస్తి. ఎవురో మునిరత్నమంట, ఈ బండేసుకోని యేలగిరి ఎక్కినాడంట అని. మా ఊర్లో అందరికీ చెప్పుకుంటాండాడు ఆయన. దాన్ని తుడిస్తే బండికి ఏం మర్యాద?"

సంచి మూతి ముడేశాను. క్రేట్లు దించడం అయిపోయింది. అతను తలుపు వేసి, జీపు ఎక్కి, పుంగనూరు రోడ్డు వైపు తిప్పాడు. నేను ఆ రోజు పెయింటు మంచిదే కొన్నాను. ఇంకో పదేళ్ళు చెరిగేట్టు లేదు.